గానపేటికల కొఱకు కోఠీయాత్ర

భాగ్యనగరమున కోఠీ నెఱుగని గృహిణి యుండదు. పెండ్లి చీరలకును, గాజులకును, పిల్లల పాఠ్యపుస్తకములకును, తుదకు తలుపు గడియలకును జనులు కోఠీకే పోవుదురు. ఆ పేరు ఒక భవనమునుండి పుట్టినది. కోఠీ యనగా పెద్ద భవంతి. నిజాము రాజ్యమున ఆంగ్లేయ రెసిడెంటుగా నుండిన జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ 1803వ సంవత్సరమున కట్టింప నారంభించిన రెసిడెన్సీ భవనమే యా కోఠీ. 1949 మొదలు ఆ యావరణమున ఆడుపిల్లల కళాశాల నడచినది. అదియే 2022లో మహిళా విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరు దాల్చినది. దానికి సమీపమున సుల్తాన్ బజారు. ఆ బజారుననే 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము. ఇట్లు చదువునకును, తెలుగునకును, బేరమునకును తావైన యా ప్రదేశమున గుజరాతీ గల్లీ యను సన్నని వీధి యొకటి కలదు. చీరల కొఱకు పోవు స్త్రీలు సామాన్యముగా నందు అడుగుపెట్టరు. అది తీగెలు, ఆంప్లిఫయరులు, స్పీకరులు మొదలగు విద్యుత్పరికరములు అమ్ము వీధి.

మాకా వీధితో పని కలిగించినవారు మా యత్తగారు. వారికి 78 ఏండ్లు. ప్రొద్దుట ఘంటసాల గానము చేసిన భగవద్గీత, మధ్యాహ్నము హరికథ, సాయంకాలము వార్తలు, ఇవి లేక వారికి దినము గడవదు. రెండేండ్లుగా హాలులోని టీవీయెదుట కూర్చుండుట వారికి రుచింపలేదు. “పాట వినబడుతున్నదే అమ్మాయీ, మాటే వినబడుట లేదు” అని, క్రమముగా తమ గదిలోనికి పోయి, ఫోను చెవికానించుకొని కూర్చుండుట కలవాటుపడిరి. ఇల్లంతయు హాలులో నవ్వుచుండగా ఇంటి పెద్ద యొంటరిగా గోడవైపు తిరిగి కూర్చుండుట మాకు కష్టముగా దోచినది.

చెవి వైద్యుని కడకు తీసికొని పోతిమి. ఆయన పరీక్షించి, వయస్సువలన హెచ్చుస్థాయి నాదములు కొంత తగ్గినవనియు, చెవియంత్రము ఇప్పుడే యవసరము లేదనియు, ఏటేట పరీక్ష మాత్రము మానవలదనియు చెప్పెను. మాట యేల తెలియదో కూడ వివరించెను. పాలు, కాలు, తాలు అను మూడు మాటలకును భేదమంతయు మొదటి హల్లునందే కలదు. అచ్చుల బలము క్రింది నాదములలో నుండును; క, త, ప లను పరుషముల విఱుపును, స, శ ల యూపిరియు చాలవఱకు హెచ్చుస్థాయి సన్నని నాదములలో నుండును. చెవి ముందుగా పోగొట్టుకొనునవి యీ సన్నని నాదములే. పలుచని టీవీలకు స్పీకరులు వెనుకకో క్రిందికో తిరిగియుండుటవలన ఆ నాదములు తిన్నగా మన చెవికి రావు. ధ్వని పెంచినచో అచ్చులు మాత్రమే గట్టిపడి హల్లులను మఱింత మ్రింగివేయును.

అందుచేత మంచి స్పీకరుల జత యొకటి కొనవలెనని తలచితిమి. వంటయింటి బీరువాలు బాగుచేయించుటకై చీటీ కట్టి కూడబెట్టిన రూ. 60,000 కలవు. అంత ధనము పాటలపెట్టెకు పెట్టుట తగునా యని యింట చర్చ జరిగినది. కొనుటకు అందఱును ఒప్పుకొన్నపిమ్మట “ఎట్టివి కొనవలెను?” అను ప్రశ్న వచ్చినది. మా మఱది పెద్దపెద్ద పెట్టెలు కావలెననెను. మా వారు టీవీక్రింద నుంచు పొడుగుపాటి కమ్మీ చాలుననిరి. విద్యుత్పరికరముల బేరము పురుషుల పని యని మన యిండ్లలో నొక వాడుక యున్నది. హాలునందు దినమంతయు మెలగువారు స్త్రీలు. దానిని ఊడ్చి తుడుచువారును వారే. ఈ కొనుగోలు వృద్ధురాలి కొఱకు. కావున ఎన్నిక మాది కావలెనని పట్టుపట్టి, మఱదిని తోడు తీసికొని బయలుదేరితిమి.

బయలుదేరుటకు ముందు కొలతబద్దతో హాలును కొలిచితిమి. పొడవు 15 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. అత్తగారు వాలుకుర్చీలో కూర్చుండినప్పుడు నేలనుండి వారి చెవి యెత్తు 34 అంగుళములు. ఈ నాలుగు అంకెలును చీటీపై వ్రాసికొంటిమి. దుకాణమున మాకు మిక్కిలి తోడ్పడినవి యివియే.

మెట్రోబండి ఉస్మానియా మెడికల్ కాలేజి స్టేషనున మమ్ము దింపినది. ఈ మార్గము 2018 సెప్టెంబరునుండి నడచుచుండుటవలన వృద్ధులతో కోఠీకి పోవుట మునుపటికంటె సుకరమైనది. వీధిలో అడుగిడినంతనే చెవులు గింగురుమన్నవి. ప్రతి దుకాణము నొక పాట మ్రోగించుచుండెను. వేయి వాట్లు, రెండు వేల వాట్లు అని పెట్టెలపై పెద్ద యక్షరములు. మా మఱది మోగుచున్న యొక నల్లపెట్టె ముందు నిలువబడి, “చూడు వదినా, గుండె అదురుతున్నది!” అని సంతసించెను. “గుండె అదరనేల నాయనా, చెవి విన్నది చాలదా?” అని యత్తగారనిరి.

వీధి మధ్యమున మరమ్మతులు చేయు నొక వృద్ధుని దుకాణము చూచితిమి. బల్లమీద స్పీకరు నొకదానిని విప్పి, దాని కాగితపు శంకువుచుట్టు చీకిపోయిన స్పంజి యంచును గీకుచుండెను. ఆయన మమ్ము కూర్చుండబెట్టి, ఎత్తి చూపుచు, విషయము తెలియజెప్పెను. శంకువుయొక్క మెడకు సన్నని రాగితీగె చుట్టబడియుండును. ఆ చుట్ట అయస్కాంతపు సందులో నుండును. పాటననుసరించి విద్యుత్తు మాఱినకొలది చుట్ట ముందువెనుకల కాడి, శంకువును కదలించి, గాలిని కదలించును. ఈ పద్ధతిని 1925లో అమెరికాదేశమున రైస్, కెల్లాగ్ అను నిరువురు ఇంజనీర్లు కుదిర్చిరి. నేటి స్పీకరులలో నధికభాగము దానినే యనుసరించును. స్పంజి యంచు వేడికిని చెమ్మకును పది పదునైదేండ్లలో పొడియై రాలును. రబ్బరు యంచు చాలకాలము నిలుచును. కొనునప్పుడు వ్రేలితో మెల్లగా తాకి చూడుమనెను.

వాట్ల మాట అడిగితిమి. ఆయన నవ్వి, ఇంటిలో ప్రశాంతముగా వినునప్పుడు ఒకటి రెండు వాట్లకంటె నెక్కువ వ్యయము కాదనెను. చూడవలసిన యంకె వేఱొకటి: నిర్ణీతమైన కొద్దిపాటి విద్యుత్తు నిచ్చినప్పుడు ఒక మీటరు దూరమున ఎన్ని డెసిబెలుల ధ్వని వచ్చునో యా యంకె. అది 85 అయిన స్పీకరుకంటె 88 అయినది సగము విద్యుత్తుతోనే యంత ధ్వని నిచ్చును. మూడు డెసిబెలులకు శక్తి రెట్టింపు లెక్క. రెండవ యంకె ఓములు. ఎనిమిదియో, ఆఱో యున్నచో సామాన్యమైన ఆంప్లిఫయరు సులువుగా నడపును; నాలుగైనచో ఆంప్లిఫయరు దానికి తగినదేనా యని యడిగి తెలిసికొనవలెను.

పొట్టి స్పీకరులను బల్లపై నుంచుటయా, నిలువు స్పీకరులను నేలపై నుంచుటయా యను సంశయమును ఆయనయే తీర్చెను. పొట్టివానికి సరియైన ఎత్తు రావలెనన్న ప్రత్యేకముగా కాళ్లపీఠము కొనవలెను. పీఠమాక్రమించు స్థలమును నిలువుపేటిక యాక్రమించు స్థలమును ఇంచుమించు సమానమే. నిలువుదానిలోపల గాలికి తావెక్కువ కావున మంద్రనాదము మఱికొంత దిగును. అయితే పెట్టె చిన్నదిగా నుండుట, మంద్రము లోతుగా దిగుట, కొద్ది విద్యుత్తుతో పెద్ద ధ్వని వచ్చుట – ఈ మూడును ఒక్కచోట దొరకవు. రెండు కోరినచో మూడవదానిని కొంత విడువవలసినదే. పూర్వము మంచి మంద్రము కావలెనన్న బీరువాయంత పెట్టె కావలసియుండెడిది. 1954లో ఎడ్గర్ విల్చర్ అను అమెరికను, గాలి చొరకుండ మూసిన చిన్నపెట్టెలోని గాలినే యొక స్ప్రింగువలె వాడుకొను నుపాయమున పుస్తకముల బీరువాలో నిముడు స్పీకరును చేసెను. తరువాత ఆస్ట్రేలియాదేశమున థీల్, స్మాల్ అను పండితులు రంధ్రముగల పెట్టెలకు లెక్క లేర్పఱచిరి. నేటి సన్నని నిలువుపేటికలలో పెక్కింటికి ఆ లెక్కలే యాధారము.

“మీ హాలెంత?” అని యాయన యడుగగా చీటీ చూపితిమి. ఆయన కాగితముపై లెక్కవేసెను. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. 15 అడుగుల గోడలమధ్య 37 హెర్ట్జులకు చేరువయైన నాదమును, 12 అడుగుల గోడలమధ్య 47 హెర్ట్జులకు చేరువయైన నాదమును గదియే ఉబ్బించును. అంత లోతునకు బలముగా దిగు పెద్ద పేటికలను అంత చిన్న హాలులో నుంచినచో గది యురుమును, మాట మునుగును. మన కర్ణాటక సంగీతమునకు అంత లోతవసరము లేదు. పురుషుల తంబురాలోని మంద్రషడ్జమము 65, 70 హెర్ట్జుల ప్రాంతమున నుండును. కావున 50 హెర్ట్జుల వఱకు శుభ్రముగా దిగు చిన్న పేటిక మాకు చాలునని తేలినది. పాత గ్రామఫోను రికార్డులలో అంతకంటె క్రిందిది ఇంచుమించు లేనేలేదు. ఇది విని మా మఱది ముఖము కొంత చిన్నవోయినది కాని లెక్కను కాదనలేకపోయెను.

ఆయన తన కడ నట్టివి లేవనియు, ప్రశాంతముగా విని కొనగల దుకాణమునకు పొమ్మనియు నిజము చెప్పెను. మఱునాడు నగరమున పడమటివైపున నున్న యొక హైఫై దుకాణమునకు పోతిమి. అచ్చట నేలపై తివాచీలు, గోడలకు తెఱలు, మూసిన తలుపులు. దేవళపు గర్భాలయమువలె నిశ్శబ్దము. ఇట్టి సన్నని నిలువు స్పీకరుల జతలు ముప్పది వేల రూపాయల మొదలు లక్షకు పైబడియు నుండెను. మా ధనమునకు సరిపడినవి రెండు జతలు తేలినవి. ఒకటి నడుమెత్తుకు పైబడిన పెద్దది; రెండవది 33 అంగుళముల యెత్తు, 7 అంగుళముల వెడల్పు గలది, ఒక్కొక్కటి 13 కిలోల బరువు.

దుకాణపువారు ముందుగా పెద్దదానిని మ్రోగించిరి. మిగుల ఘనముగా నుండెను. చిన్నది మ్రోగింపగా చప్పగా దోచెను. అయితే వృద్ధుని హెచ్చరిక జ్ఞప్తికి వచ్చినది: రెండింటిలో ఏది రవంత హెచ్చుగా మ్రోగునో అదియే మేలైనదని చెవి మోసపోవును. ఫోనులోని ధ్వనిమాపకము చూచుచు రెండింటిని ఒకే డెసిబెలుకు దెచ్చి మరల వింటిమి. భేదము చాల తగ్గినది. అత్తగారి చెవి యెత్తునకు సరిపోవు తగ్గుకుర్చీ యడిగి, వారిని దానిలో కూర్చుండబెట్టితిమి.

భగవద్గీత పెట్టినప్పుడు రెండును బాగున్నవనిరి. అది వారికి కంఠస్థము. వినబడని మాటను మనస్సే పూరించుకొనును. కంఠస్థమైనదానితో పరీక్షింపరాదని యప్పుడే తోచినది. మనుమరాలిచేత వారెఱుగని కథయొకటి చదివించి ఫోనులో పట్టి తెచ్చితిమి. దానిని సగము పెద్దదానిలోను, సగము చిన్నదానిలోను వినిపించి, విన్న ప్రతి వాక్యమును తిరిగి చెప్పుడని కోరితిమి. పెద్దదానిలో వారు మూడుచోట్ల తడబడిరి. చిన్నదానిలో ఒక్కచోట మాత్రమే యాగి, “తాలు అన్నదా, పాలు అన్నదా?” అని యడిగిరి. పరీక్ష న్యాయముగా నుండుటకై సగములను మార్చి, మఱియొక కథతో నిదే చేసితిమి; ఫలము మాఱలేదు. ధరయు చిన్నదానికి పదివేలు తక్కువ. రూ. 48,000 జతకు పెట్టి, మిగిలినదానితో తగిన చిన్న ఆంప్లిఫయరును, తీగెను కొంటిమి. తీగెలకు వేలకు వేలు పోయనక్కఱ లేదు. ఐదాఱు మీటర్ల దూరమునకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగె చాలును.

ఇక మూడవ తావు మా హాలు. దుకాణమున ముత్యములవలె వినబడిన మాటలు హాలులో మొదటి సాయంకాలము గుప్పుమని కలగాపులగమైనవి. కారణము వెదకగా గదియే. పలకరాతి నేల, సున్నపు గోడలు, సిమెంటు కప్పు – మన యిండ్లలో ధ్వనిని పీల్చు వస్తువు లరుదు. చేతులు తట్టి చూచితిమి. చప్పుడు తోక సాచినట్లు వినబడెను. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమున నూతనముగా కట్టిన యుపన్యాసశాలలో మాట తెలియక పోగా, వాలెస్ సేబిన్ అను యువాధ్యాపకుడు సమీపపు నాటకశాలనుండి కూర్చుండు మెత్తలను రాత్రులందు మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలు వేసిన నెంత ప్రతిధ్వని తగ్గునో కొలిచెను. గది పరిమాణమును బట్టి ప్రతిధ్వని పెరుగును, మెత్తనివస్తువులను బట్టి తగ్గును. పీల్చుశక్తి రెట్టింపయినచో ప్రతిధ్వనికాలము సగమగును. భవనధ్వనిశాస్త్రమునకు పునాది పరుపులతో పడినదన్నమాట!

మేమును అట్లే చేసితిమి. అటకపైనున్న నూలు జంపఖానాను దింపి కుర్చీకిని స్పీకరులకును నడుమ పఱచితిమి. కిటికీలకు పలుచని తెఱల స్థానమున మడతలు గల దళసరి తెఱలు కట్టితిమి. వెనుకగోడకు పుస్తకముల బీరువా జరిపితిమి. క్రొత్తగా వ్యయమైనది తెఱల గుడ్డకు మాత్రమే. చప్పట్ల తోక తెగినది.

తరువాత స్థానము. రెండు స్పీకరులమధ్య ఏడడుగులు, ఒక్కొక్కదానినుండి కుర్చీకి నేడడుగులు. మూడు సమభుజముల త్రికోణము. గోడకు మూలకు నానించినచో మంద్రము ఉబ్బును. అందుచేత వెనుకగోడకు అడుగున్నర యెడమిచ్చితిమి. మేము కొన్నదానికి గాలిరంధ్రము ముందువైపున నుండుటచే అది చాలినది. వెనుకనున్నవానికి మఱికొంత యెడము కావలెను. సన్నని నాదమునిచ్చు చిన్నగుమ్మటము, అనగా ట్వీటరు, వినువారి చెవికి సూటిగా నుండవలెను. మాదానికి నేలనుండి 31 అంగుళములు. అత్తగారి చెవికి 34. ముందుకాళ్ల మరలను రవంత యెత్తి వెనుకకు వాల్చగా సరిపోయినది. తీగెలలో ఎఱుపు ఎఱుపునకు, నలుపు నలుపునకు తగిలించితిమి. ఒకదానికి తారుమాఱైనచో ఒక శంకువు ముందుకు వచ్చునప్పుడు రెండవది వెనుకకు పోయి, మంద్రము మాయమై, గొంతు మధ్యన నిలువక చెదరిపోవును. ధ్వని పలుచనైనట్లు తోచినప్పుడు మొదట చూడవలసినది యిదే.

గృహిణులు గమనింపవలసినవి మఱికొన్ని కలవు. ఈ పెట్టెలు చాలవఱకు కఱ్ఱపొట్టును జిగురుతో నదిమిన పలకలతో చేయబడినవి. తడి తగిలిన ఉబ్బును. నేల తుడుచు నీరంటకుండ క్రింద అంగుళపు మందముగల నల్లరాతి పలక నుంచితిమి. సన్ననివి కావున పసిపిల్ల పట్టుకొని లేచినచో నొరగును. వెడల్పుకాళ్లు బిగింపక వాడరాదు. ముందరి జాలిగుడ్డ తీసినచో అందముగా నుండునని కొందఱందురు. పసివారున్న యింట తీయకుండుటయే మేలు, ట్వీటరు గుమ్మటమును వ్రేలితో నొక్కుట వారికి పరమానందము. ఇక చెవుల రక్షణ. ప్రపంచ ఆరోగ్యసంస్థ పెద్దలకు 80 డెసిబెలులు వారమునకు 40 గంటలనియు, పిల్లలకు 75 అనియు హద్దు చెప్పినది. మన దేశమున 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నియమముల ప్రకారము నివాసప్రదేశమున పగలు 55, రాత్రి పదింటినుండి ఉదయ మాఱింటివఱకు 45 డెసిబెలులు పరిమితి. గోడ కావల పొరుగింటి పసిపాప నిదురించుచుండునని జ్ఞాపకముంచుకొనవలెను. మాట స్పష్టముగా నున్నచో ధ్వని పెంపనక్కఱయే యుండదు. మా యింట మునుపటికంటె తగ్గించియే వినుచున్నాము.

ఇప్పుడు సాయంకాలపు వార్తల వేళ మా యత్తగారు హాలులోని వాలుకుర్చీలోనే కూర్చుందురు. మొన్న హరికథలో దాసుగారు విసరిన చమత్కారమునకు అందఱికంటె ముందు వారే నవ్వి, మాకు విడమరచి చెప్పిరి. వంటయింటి బీరువాలు ఇంకొక యేడు వేచియుండవలసినదే. అందులకు మాకు విచారము లేదు. సోదరీమణులారా, మీ యింట నిట్టి కొనుగోలు తటస్థించినప్పుడు వాట్లను, పెట్టెయెత్తును చూచి మోసపోకుడు. మీ హాలును కొలువుడు, కూర్చుండు చెవియెత్తు కొలువుడు, కంఠస్థము కాని మాటలతో పరీక్షింపుడు, కొన్న పిదప జంపఖానా పఱువుడు. ఎవరి చెవికి మాట కష్టముగా నున్నదో వారిని వెంటబెట్టుకొని పొండు. తీర్పు వారిచేతనే చెప్పింపుడు.